పాస్ అన్న మాట

ఆ వానకాలమంతా శుక్రవారం వచ్చిందంటే నా పని రేకు పలకలు మొయ్యడం. ముందు గదిలోంచి వెనక గదికి, వెనక గదిలోంచి ముందు గదికి. మోసేటప్పుడు నా ముఖంలో ఏమీ కనిపించకూడదు. అదొక్కటే షరతు.

పోలీసు యాక్షన్ జరిగిన సంవత్సరం అది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు తూములూ కాలువలూ చూసుకునే ఓవర్సీరు అజీముద్దీన్ సాబ్. కట్ట కింద ఆయన బంగళా. మా బాపు బాలస్వామి సర్కారు దవాఖానలో కాంపౌండరు. దవాఖాన వెనక రెండు గదుల్లో మేముండేవాళ్ళం. నైజాం సర్కారులో సెలవు శుక్రవారం. ఆ రోజు నమాజు అయ్యాక సాబ్ ఇంట్లో రెండు బల్లలు వేసి బ్రిడ్జి ఆడేవారు.

మా అమ్మ రుక్కమ్మకు అది ఉత్త పేకాటే. "ఆయన పోయేది సాలదని పిల్లను సుత తీస్కపోవుడేంది? రేపు దీన్ని ఎవడన్న చేసుకుంటడా?" అని ప్రతి శుక్రవారం గొణిగేది. బాపు చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడి నా కోసం చూసేవాడు.

పలకలు సాబ్ చేయించినవి. కిరసనాయిలు డబ్బా రేకుతో చేసిన పలకకు నాలుగు పక్కలా నాలుగు జేబులు, ఒక్కో జేబులో పదమూడు ముక్కలు. మామూలు పేకాటలో ముక్కలు నడుమ కుప్ప పోస్తారు. ఇక్కడ ఎవరి ముక్కలు వాళ్ళు తమ ముందే పరుచుకుని, ఆట అయ్యాక మళ్ళీ ఎవరి జేబులో వాళ్ళు పెట్టాలి. ఆ పలకను నేను రెండో గదికి తీసుకుపోతే అక్కడ ఇంకో నలుగురు అవే ముక్కలతో ఆడతారు. ముందు గదిలో బాపూ సాబూ ఒక జోడీ. వాళ్ళు పట్టుకున్న ముక్కలు వెనక గదిలో ఎదుటి పక్షం జోడీ చేతికి వస్తాయి. చివరికి రెండు గదుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తారు.

"ముక్కలు మంచిగ రాలే అనుడు ఈ ఆటల నడువదు బేటీ," అన్నాడు సాబ్ నాకు మొదటిసారి పలక చేతికిస్తూ. "నీకొచ్చినయే అటు వానికి సుత వస్తయ్. వాడేం చేసిండు, నువ్వేం చేసినవ్, గంతే. అందుకే నీ ముఖం చూసి ఎవనికీ ఏం తెల్వద్దు."

నేను బళ్ళో నాలుగు వరకు ఉర్దూలో చదివాను. మాట తక్కువదాన్ని. అందుకే ఆ పని నాకిచ్చారేమో.

ఎదుటి పక్షం తహసీలు కచేరీ గుమాస్తాలు. మా పక్షానికి వెనక గదిలో ఆడేవాళ్ళు బడి పంతులూ, చాంద్ పాషా. చాంద్ పాషా సాబ్ భార్య ఖాదర్ బీకి తమ్ముడు. మంచాల అనే ఊళ్ళో ఆబ్కారీ కొలువు. ప్రతి శుక్రవారం సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు, ఊరకే ఉండే మనిషి కాదు. తను ఆడిన పలక నా చేతికిస్తూ, "చలో అనంతమ్మా, ముఖం కడుక్కొని పో. నీ కండ్లల్ల ఆటంత కనవడ్తున్నది," అనేవాడు. నేను నిజంగానే ఒకసారి నీళ్ళ గోలెం దగ్గరికి పోయి కడుక్కుని వస్తే పడి పడి నవ్వాడు. అప్పటినుంచి నవ్వినా ఏడ్చినా ముఖం దాచుకోవడానికి ఆ ఇంట్లో ముఖం కడుక్కోవడమన్నదే మాట అయింది.

ఆట మొదలయ్యే ముందు పాట ఉంటుంది. ఏ రంగు తురుపు చేసుకుని ఎన్ని పట్టులు పడతామో జోడీలు ఒకరి మీద ఒకరు పాడాలి. మొదటి ఆరు పట్టులు పాటలో లెక్కకు రావు కాబట్టి మూడు అంటే తొమ్మిది పట్టులు, నాలుగు అంటే పది. ఆటీన్లలో నాలుగు పాడి పది పడితే దాన్ని గేమ్ అంటారు, దానికి పెద్ద బహుమానం. నాలుగు పాడి తొమ్మిదే పడితే నష్టం. మూడే పాడి పది పడితే నష్టం లేదు, కానీ ఆ బహుమానం రాదు. నోటితో పలకనిదానికి ఆ ఆటలో విలువ లేదు. పాడను అనుకున్నవాడు పాస్ అనాలి. ఒకసారి అన్నది వెనక్కి తీసుకోవద్దు. జోడీ అన్న మాటకు అర్థమేమిటని అడగడమూ మర్యాద కాదు.

మా బాపు ఎక్కువగా అనే మాట పాస్. తల ఎత్తకుండా, ముక్కల అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తూ, చివరికి మెత్తగా పాస్ అనేవాడు. పరదా వెనక పాన్‌దాన్ ముందేసుకుని కూర్చునే ఖాదర్ బీకి అది పెద్ద తమాషా. ఉర్దూలో పాస్ అంటే దగ్గర కదా.

"బాలస్వామి భాయ్ వచ్చిన కాడికెల్లి పాస్ పాస్ అనవట్టె," అనేది లోపలినుంచి. "ఎవరిని దగ్గరికి పిలుస్తుండో మరి! ఒక్కరు సుత జరుగరైరి."

బల్ల చుట్టూ అందరూ నవ్వేవారు. బాపు కూడా. ఆయన చెవులు ఎర్రబడేవి.

దవాఖానలోనూ బాపు అంతే. మందు సీసాలో పోసేటప్పుడు గీతకు ఒక చుక్క కిందే ఆపేవాడు. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే రేపు ఇంకొంచెం ఇయ్యొచ్చు అనేవాడు. ఆయన చేతి మందుకు ఎవరూ చచ్చిపోలేదు. అది ఆయనకు గొప్ప.

*

మిరుగు కార్తె వానలు పడి, చెరువులోకి కొత్త నీళ్ళు దిగుతున్న ఒక శుక్రవారం. ఒక పలకను ఆ రోజు మొదట వెనక గదిలోనే ఆడారు. గుమాస్తాలు నాలుగు ఆటీన్లు పాడి పది పట్టులూ పట్టేశారు. చాంద్ పాషా నాలుక చప్పరించి, ముఖం కడుక్కున్నట్టు చేత్తో చూపించి పలక నాకిచ్చాడు.

నేను దాన్ని ముందు గది బల్ల మీద పెట్టి బాపు కుర్చీ వెనక నిలబడ్డాను. ఆయన చేతిలో రాజుతో కలిపి నాలుగు ఆటీన్లు, డైమన్ ఆసు, ఒకే ఒక్క ఇస్పేటు. మిగతావి కళావర్లలో చిల్లర ముక్కలు.

"ఒక ఆటీన్," అన్నాడు సాబ్.

"రెండు ఆటీన్లు," అన్నాడు బాపు.

సాబ్ కొంచెం ఆగి, "మూడు ఆటీన్లు," అన్నాడు. ఆ మూడు ఊరికే అన్నది కాదు. నీ దగ్గర ఏమాత్రం బలమున్నా నాలుగు అను, లేకపోతే ఇక్కడ ఆపు అని అడగడం. ఇక మాట బాపుది.

బాపు బొటనవేలు ముక్కల అంచు మీద నడిచింది. బయట వాన. ఎదుటి గుమాస్తా కుర్చీలో జరిగి కూర్చున్నాడు. వాళ్ళ పక్షం వాళ్ళే అవతలి గదిలో ఇవే ముక్కలతో పది పట్టారని అతనికి తెలియదు. నాకు తెలుసు. నేను గోడకు కొట్టిన మేకు మీద సాబ్ టోపీని చూస్తూ నిలబడ్డాను.

"పాస్," అన్నాడు బాపు.

ఒంటి ఇస్పేటు పోయాక మిగతా ఇస్పేట్లు బాపు వైపు తురుపులతో తెగుతూ పోయాయి. పది పట్టులు. సాబ్ తన ముక్కలు సర్ది జేబులో పెడుతూ, "కాంపౌండర్ సాబ్, ఒంటి ఇస్పేటు పట్టుకొని సుత పాస్ అంటిరి," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో.

"కళావర్ల పెద్ద ముక్కలు రెండూ అటే ఉంటే ఒకటి పోతుండె సాబ్. తక్కువ పాడుకుంటె కింద పడం గద."

"పడం. మనం ఆడేది గీ ఇద్దరితోని అనుకుంటున్నరు మీరు. వీళ్ళతోని కాదు. అవతల గవే ముక్కలు పట్టుకున్నోళ్ళతోని."

లెక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ రోజు మేము ఆ ఒక్క పలక మీదే ఓడిపోయాము. చాంద్ పాషా చేతులు జోడించి, "బావా, మీ జోడీకి దవాఖానల ధైర్యం మందు లేదా?" అన్నాడు. "ఉన్నది. గీతకు చుక్క కింద పోస్తడు," అన్నాడు పంతులు. బాపు అందరితో పాటు నవ్వాడు. ఇంటికి వచ్చే దారిలో మాత్రం, "కళావర్లు అటే ఉంటే?" అని నన్నే రెండుసార్లు అడిగాడు.

*

రంజాన్ నెల వచ్చింది. ఉపవాసం విడిచే వేళకు ముందే ఆట ముగించేవారు. ఆ రోజుల్లో సాయంత్రాలు చెరువు అవతలి గట్టునుంచి, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళ పాటలు నీళ్ళ మీదుగా వినవచ్చేవి. మాటలు తెలిసేవి కావు, పాట ఎత్తు మాత్రం తెలిసేది. ఒకసారి సాబ్ ముక్కలు కింద పెట్టి విన్నాడు.

"వాళ్ళు సుత పాడుతున్నరు," అన్నాడు. "మస్తు పెద్ద పాట. పదమూడు పట్టులూ మావే అంటున్నరు."

"నిలబడ్తదా సాబ్?" అన్నాడు పంతులు.

"ముక్కలు వాళ్ళ చేతుల ఏమున్నయో నాకేం ఎరుక?"

మరుసటి శుక్రవారం రజాకార్లు బంగళాలోకి వచ్చారు. నలుగురైదుగురు. హిందువులతో కూర్చుని ముక్కలాడే తీరిక ఉన్నవాడివి, కట్ట మీద పనిచేసే మనుషులను మా వెంట పంపు అన్నారు సాబ్‌తో. సాబ్ లేచి నిలబడలేదు. "చెరువు నిండుతున్నది. తూము కాడ మనిషి లేకపోతే కింద మీ ఇండ్లు సుత కొట్టుకపోతయ్. ఫికర్ లేదంటే తీస్కపోండ్రి," అన్నాడు. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒకడు నా చేతిలోని పలకను కింద పడేసి కాలితో తన్నాడు. మూల వంగిపోయింది. అది ఆ నాలుగు ఆటీన్ల పలకే. సాబ్ దాన్ని బల్ల మీద పెట్టి గుప్పిటతో గుద్ది సరిచేయాలని చూశాడు, పూర్తిగా రాలేదు.

ఆ తర్వాత గుమాస్తాలు రావడం మానేశారు. పంతులు పెళ్ళాం బిడ్డలను తీసుకుని అత్తగారి ఊరికి పోయాడు. చాంద్ పాషాకు మంచాల నుంచి దారి బాగాలేదు. భాద్రపదం నాటికి బల్ల దగ్గర మిగిలింది సాబ్, బాపు, పలకలు పట్టుకుని నేను.

ఇద్దరితో ఆట సాగదు. సాబ్ మూల వంగిన పలక తీసి బాపు ముందుకు తోశాడు. ఆనాటి ముక్కలు కలపకుండా దాంట్లో అట్లాగే ఉంచినట్టున్నాడు.

"పాట ఒక్కటే పాడుదాం. మూడు ఆటీన్లు అన్న నేను. చెప్పుండ్రి."

బాపు ముక్కలు చూసి నవ్వాడు. "ఇప్పుడైతే నాలుగే సాబ్."

"తెలిసినంక ఎవడన్న అంటడు," అన్నాడు సాబ్. కాసేపటికి, "ఇవన్ని మీ తాన పెట్టుకోండ్రి. ఈడ ఎప్పుడేమైతదో తెల్వదు," అన్నాడు పలకలు చూపిస్తూ.

"గదెంత పని సాబ్. మందుల గదిల పెడ్త. తాళం నా మొలకే ఉంటది," అన్నాడు బాపు, మాట పూర్తికాకముందే.

ఖాదర్ బీ పరదా తీసి, పలకలు చుట్టుకోవడానికి తన పాత దుప్పటి ఒకటి ఇచ్చింది. ఆమె ముఖం నేను అంత దగ్గరగా చూసింది అప్పుడే. "నీ పెండ్లికి నేను సుర్మా పెడ్త బిడ్డా, నీ కండ్లు చిన్నగున్నయ్," అంది.

*

హిందుస్తాన్ లష్కరు వచ్చింది. నైజాం సర్కారు లొంగిపోయింది కూడా ఒక శుక్రవారమే. వీధిలో జెండాలు పట్టుకుని తిరిగారు. ఆ సంతోషం ఎందరికో నిజమైనదే. రజాకార్ల చేతిలో ఇళ్ళు కాలినవాళ్ళున్నారు, కొడుకులు పోయినవాళ్ళున్నారు. కానీ రెండు మూడు రోజుల్లోనే జెండాల చోట కట్టెలు వచ్చాయి. రజాకార్లు ఎప్పుడో పారిపోయారు. ఇళ్ళల్లో మిగిలిన ముసల్మానులు మిగిలారు.

ఆ రోజు పొద్దున సన్నగా తుంపర. దవాఖాన తెరవలేదు. బాపు కల్వంలో ఏదో నూరుతున్నాడు. కట్ట వైపు నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. వెనక తలుపు తట్టిన చప్పుడైతే అమ్మ పోయి గడియ తీసింది.

అజీముద్దీన్ సాబ్, ఖాదర్ బీ. వాళ్ళ నడుమ సాబ్ తల్లి బేగం బీ, నడవలేక కొడుకు మెడ పట్టుకుని. ముగ్గురూ తడిసి ఉన్నారు. సాబ్ నెత్తిన టోపీ లేదు. ఆయన తల వెనక జుట్టు అంత పలచబడిందని నాకు తెలియదు.

"బంగళా తలుపులు పలగ్గొట్టిన్రు," అన్నాడు. అడిగే మనిషి కాదు.

అమ్మ నేరుగా, తెరిచి ఉన్న మందుల గదిలోకి పోయింది. లోపల చాప పరిచిన చప్పుడు వినిపించింది. సీసాల పెట్టెలు జరిపి ముగ్గురు పట్టేంత చోటు చేస్తోంది. ఆ గదికి కిటికీ లేదు. ఒకే తలుపు, బయట సర్కారు తాళం.

బాపు కల్వం వదిలి నిలబడ్డాడు. మొలకు కట్టుకున్న తాళంచెవి ఆయన చేతిలోకి వచ్చింది. బొటనవేలు దాని అంచు మీద అటూ ఇటూ రాసుకుంటోంది. ఆయన ఏం లెక్కపెడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. వీధికి అవతల రాంచంద్ర పటేల్ ఇంటి అరుగు. అక్కడినుంచి మా వెనక సందు కనిపిస్తుంది. పటేల్ చూశాడా, చూడలేదా. చూస్తే చెబుతాడా. ఒకటే తలుపు. ఈడొచ్చిన బిడ్డ ఇంట్లో ఉంది. ఆయన నా వైపు కూడా ఒకసారి చూశాడు.

ఖాదర్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "భాయ్," అంది. "ఆప్‌కే పాస్..." మీ దగ్గర, అని.

బాపు తల దించుకున్నాడు.

"పాస్," అన్నాడు మెత్తగా.

ఆ మాటను సాబ్ విన్న తీరు నేను చూశాను. ఎన్నో శుక్రవారాలు బల్లకు అటువైపు నుంచి ఆ మాట విన్నట్టే విన్నాడు. జోడీ మాటను మళ్ళీ అడగడం ఆయనకు అలవాటు లేదు.

"అచ్ఛా," అన్నాడు. తల్లిని ఇంకో చేతికి మార్చుకుని, "పద ఖాదర్," అన్నాడు.

మందుల గది గడపలోంచి అమ్మ, "ఏందయ్యా? నేను చాప పరిచిన గద!" అంది.

అప్పుడు బాపుకు మాటలు వరసగా వచ్చాయి. "ఈడ ఒక్కటే తలుపు సాబ్, సొచ్చిన్రంటె బయటపడేటందుకు తొవ్వ ఉండదు. సాయన్న బండి కడ్తడు. గడ్డి కింద పండుకోండ్రి. అబ్దుల్లాపూర్‌మెట్ కాడ పెద్ద సడక్ మీద లష్కర్ ఉన్నది. గాడికి పోతే వాళ్ళే పట్నం చేరుస్తరు. ఈడికన్న అదే పదిలం. అవునా కాదా మీరే చెప్పుండ్రి."

అది తెలివితక్కువ మాట కాదు. మూడు ఆటీన్లు కూడా తెలివితక్కువ పాట కాదు.

"మీరు చెప్పింది బరాబర్," అన్నాడు సాబ్.

దవాఖానకు మందుల పెట్టెలు తోలే సాయన్న వెనక సందులోకి ఎడ్ల బండి తెచ్చాడు. బేగం బీని ఎత్తి ఎక్కించింది అమ్మే. గడ్డి కప్పుతుంటే సాబ్ తల ఒకవైపుకు తిప్పి నన్ను చూశాడు. "బేటీ, పలకలు తడువనియ్యకు. రేకు తుప్పు పడ్తది," అన్నాడు. ఖాదర్ బీ ముఖం గడ్డిలో కనిపించలేదు.

ఆ రోజంతా దవాఖాన వైపు ఎవరూ రాలేదు. సాయంత్రం ఒకడు మాత్రం కాలికి మేకు దిగిందని వచ్చాడు. అతని చేతిలో కట్టె ఉంది. దాన్ని మందుల గది తలుపుకే ఆనించి కూర్చున్నాడు. బాపు గాయం కడిగి మందు పూసి కట్టు కట్టాడు. "సర్కారు దవాఖాన, మాకేం పని," అన్నాడు వాడు తనే, ఎవరూ అడగకుండానే. కట్టె తీసుకుని కుంటుకుంటూ పోయాడు. పటేల్ అరుగు మీద పొద్దున్నుంచీ ఎవరూ లేరట. ఆయన జెండా వందనానికి పోయాడట.

పది పట్టులు ఉన్నాయి. ఎవరూ పాడలేదు.

పొద్దుగూకే వేళకు సాయన్న బండి తిరిగొచ్చింది. గడ్డి లేదు. బాపు కాడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది సాయన్నా? సడక్ దాక పోయిన్రా?"

"వాగు కాడ ఆపిన్రు. మన ఊరోళ్ళు కాదు. బండి మలుపు అన్నరు. మలిపిన."

"మరి వాళ్ళు?"

"దిగిన్రు. ముసలమ్మ నా భుజం పట్టుకొని దిగింది." సాయన్న తన భుజం వైపు చూసుకున్నాడు. "ఎడ్లు బెదిరినయ్ కాంపౌండరూ. నేను ఎనుకకు సూడలే."

మరునాడు బాపు వాగు దాకా నడిచిపోయాడు. రాత్రి పైన ఎక్కడో పెద్ద వాన పడి వాగు నిండా పారుతోందట. ఒడ్డున గడ్డి ఉందట. అంతవరకే చెప్పాడు.

మందుల గదిలో పరిచిన చాపను ఎవరూ చుట్టలేదు. అమ్మ చుట్టలేదు, నన్ను చుట్టమనలేదు. బాపు రోజూ దాని మీద కాలు పడకుండా గోడవెంట పక్కకు నడిచి పోయి సీసాలు దించుకునేవాడు. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, నీళ్ళిచ్చేది, మాట మాత్రం నా ద్వారా పంపేది. "మీ బాపుకు చెప్పు, ఉప్పు అయిపోయింది," అనేది, ఆయన ముందే.

*

చలికాలం వచ్చేసరికి కొత్త సర్కారు శుక్రవారం సెలవు తీసేసి ఆదివారం చేసింది. అట్లాంటి ఒక ఆదివారం చాంద్ పాషా వచ్చాడు. సైకిలు లేదు, నడిచి వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. వాకిట్లో నిలబడి లోపలికి తొంగి చూశాడు, ఎవరో తనకు ఎదురు రావాలన్నట్టు.

"ఆపా ఏది?" అన్నాడు. అక్క ఏది అని. "ఈడ్నే ఉంటరనుకున్న. కిటికి లేని గది ఉన్నది, సర్కారు తాళం ఉన్నది, బాలస్వామి భాయ్ ఉన్నడు. నా పెండ్లానికి గదే చెప్పిన, బావోళ్ళకేం ఫికర్ లేదు అని."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. బాపు అంతా చెప్పాడు. చిన్న గొంతుతో, ఏదీ దాచకుండా. బండి, గడ్డి, వాగు. చాంద్ పాషా అరుగు మీద కూర్చుని విన్నాడు.

"మరి మీరు?" అన్నాడు బాపు చివరికి.

"మంచాలల సిద్దయ్య తాన ఉన్నం. చెరువుల చాపలు పట్టే సిద్దయ్య. ఆయన గుడిసెకు తలుపే లేదు, తడక. మమ్ముల్ని వలల కుప్ప కింద పండబెట్టి, గడపల కూసొని వల అల్లుకుంట ఉండె. వచ్చిన్రు. అడిగిన్రు. లోపటికి రాండ్రి, సూస్కోండ్రి, చాపల కంపు తప్ప ఏముంది అన్నడు. లేచి తడక సుత తీసిండు." చాంద్ పాషా అరచేతులు చూసుకున్నాడు. "రాలే. పోయిన్రు."

లెక్కలు పక్కపక్కన పెట్టే వేళ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది అతనే. ఆ రోజు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నేను దుప్పటిలో చుట్టిన పలకలు తెచ్చి అతని పక్కన పెట్టాను. దుప్పటిని గుర్తుపట్టాడు. దాన్ని విప్పి, మడిచి చంకలో పెట్టుకుని, పలకలు మాత్రం నా వైపు తోశాడు.

"ఉంచుకో. ఎవరితోని ఆడాలె?"

పోయేటప్పుడు బాపుకు సలాం చేశాడు. కట్ట మలుపు తిరిగేదాకా బాపు వాకిట్లోనే నిలబడ్డాడు. తర్వాత వచ్చి అరుగు మీద, చాంద్ పాషా కూర్చున్న చోటికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. మూల వంగిన పలక చేతిలోకి తీసుకున్నాడు. ముక్కలు తియ్యలేదు. రేకు అంచు మీద బొటనవేలు నడిచింది.

"బిడ్డా," అన్నాడు.

"ఆఁ బాపూ."

"ఆ దినం నువ్వు ఆడ్నే ఉన్నవ్ గద. ఖాదర్ బీ పాస్ అన్నది. నేను సుత పాస్ అన్న." ఆయన నా వైపు చూడలేదు. "అడిగిన గద నేను? మా తాననా, అని అడిగినట్టే అన్న గద? ఆయననే ఆటల మాట అనుకొని బయలెల్లె. నువ్వు విన్నవ్ గద బిడ్డా. ఎట్ల అన్న నేను?"

అడిగినప్పుడు మాట చివర పైకి లేస్తుంది. బల్ల దగ్గర అన్నప్పుడు లేవదు. ఆ గొంతును వానకాలమంతా ఆయన కుర్చీ వెనక నిలబడి విన్నదాన్ని.

బాపు ఇంకా ఎదురుచూస్తున్నాడు. లోపల అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

నేను లేచి గోలెం దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను.